ముందు బూటు అడుగు చూడండి

(బెంగళూరు మల్లేశ్వరంలో, మంచుకొండలకు వెళ్ళొచ్చే తెలుగు మిత్రులు కొందరు ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

నాది హిందూపురం. చిన్నప్పుడు మాకు మంచు అంటే సోడా బండి మీద రంపపుపొట్టులో కప్పి పెట్టే ఐసుగడ్డే. నేను స్కీయింగ్‌కి, అంటే కాళ్ళకి స్కీలనే పొడుగాటి పలకలు తగిలించుకుని మంచు మీద జారడానికి వెళ్తానంటే ఊళ్ళో ఇప్పటికీ అర్థం కాదు. మా అమ్మ చుట్టాలందరికీ "వాడు కాశ్మీరుకి పోయినాడు" అని చెబుతుంది, వాళ్ళు అమరనాథ్ యాత్ర అనుకుని దండం పెడతారు. నేనూ సరిదిద్దను.

ఈ బల్ల మీద మూడు బూట్లు, ఒక స్కీ పెట్టాను. ప్రసంగం అయ్యాక వచ్చి చేత్తో పట్టుకుని చూడండి. ఈ రోజు మాట్లాడేది బైండింగ్ గురించి, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే ఈ ఇనుప, ప్లాస్టిక్ సరంజామా గురించి. బూటు ముందు భాగాన్ని పట్టేది టో పీస్, మడమని పట్టేది హీల్ పీస్. రెండూ కలిపి బైండింగ్.

నా తెలివితక్కువ పని ఒకటి ముందు చెప్పేస్తాను. కొన్నేళ్ళ కిందట ఆఫీసు పని మీద యూరప్‌లో ఉన్నాను. ఏప్రిల్ నెల, సీజన్ అయిపోయింది, ఒక షాపులో పాత మోడల్ బైండింగ్స్ సగం ధరకే అమ్మేస్తున్నారు. మనవాళ్ళకి సగం ధర అని కనిపిస్తే కాళ్ళు ఆగుతాయా? కొనేశాను. అప్పటికి నాకు సొంత బూట్లు లేవు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. మరుసటి ఏడాది మంచి బూట్లు కొన్నాను, కాలికి చక్కగా అమరాయి. రెండూ తీసుకెళ్ళి బిగించమని అడిగితే, ఆ మెకానిక్ బూటు తిరగేసి అడుగు చూశాడు, బైండింగ్ చూశాడు, రెండూ నా చేతికి తిరిగి ఇచ్చేశాడు. రెండూ కలవవు. నా అదృష్టం కొద్దీ ఆ బూటుకి సోల్ మార్చుకునే వీలుంది. మరలు విప్పి వేరే సోల్ వేయించుకున్నాను. సగం ధరలో మిగిలిన డబ్బులో సగం అక్కడే పోయింది.

అందుకే వరస ఇది: ముందు బూటు, తర్వాత బైండింగ్. కాలికి నొప్పి లేకుండా పట్టేది ఏ బూటో అది తేలాక, దాని అడుగు ఏ రకమో చూసుకుని బైండింగ్ వెతకాలి. బైండింగ్ బావుందని బూటు కొనడం అంటే, తాళం కప్ప ముచ్చటగా ఉందని ఇల్లు కొనడమే.

ఇప్పుడు మొదటి బూటు తీస్తున్నాను. తిరగేశాను, చూడండి. అడుగంతా చదునుగా, గట్టి ప్లాస్టిక్. వేలితో కొడితే టక్కుమంటుంది. ముందుకి పెదవిలాగా పొడుచుకొచ్చిన ముక్క ఉంది కదా, టో పీస్ పట్టుకునేది దాన్నే. దీని మందం 19 మిల్లీమీటర్లు, వెడల్పు 69, అటూ ఇటూ కాస్త తేడాతో. మడమ దగ్గర పెదవి మందం 30. ఏ కంపెనీ చేసినా ఇవే కొలతలు, ఎందుకంటే దీనికో అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్‌ఓ 5355. ఆల్పైన్ సోల్ అంటారు. దీంతో స్కీ మీద రాజాలాగా ఉండొచ్చు. కానీ పార్కింగ్ నుంచి గొండోలా దాకా, అంటే కొండ పైకి తీసుకెళ్ళే కేబుల్ కారు దాకా నడవాలంటే కొయ్యగుర్రం నడకే.

రెండోది ఇదిగో. రబ్బరు ఉంది, గాడులున్నాయి, ముందు భాగం కొద్దిగా పైకి వంపు తిరిగింది. బల్ల మీద పెట్టి నొక్కితే ఊగుతోంది, చూశారా? నడవడానికి సుఖం. గ్రిప్‌వాక్ అంటారు, దీని ప్రమాణం ఐఎస్‌ఓ 23223. ఈ మధ్య కొత్తగా కొనే బూట్లలో చాలావాటికి ఇదే వస్తోంది. షాపువాడు ప్రత్యేకంగా చెప్పకపోయినా మీకు వచ్చేది ఇదే కావచ్చు. నాకు జరిగింది అదే.

మూడోది కొండెక్కేవాళ్ళ బూటు, టూరింగ్ సోల్, ఐఎస్‌ఓ 9523. రబ్బరు ఇంకా మందం, ట్రెక్కింగ్ షూ లాగే ఉంటుంది. దీని ముందు భాగంలో ఇటొకటి అటొకటి చిన్న లోహపు గుంటలున్నాయి. ముందువాళ్ళు వంగి చూడండి. పిన్ బైండింగ్ అని ఒక రకం ఉంది, దాని ముళ్ళు రెండు వైపుల నుంచీ వచ్చి ఈ గుంటల్లో దిగుతాయి. మడమ వెనక కూడా దానికి లోహపు గాడులుంటాయి. ఆస్ట్రియా ఇంజనీరు ఫ్రిట్జ్ బార్తెల్ 1980లలో చేసిన ఆలోచన ఇది. కొండెక్కేటప్పుడు మడమ లేస్తూ ఉంటుంది, ముందు మాత్రం ఈ రెండు ముళ్ళ మీద తిరుగుతుంది, అచ్చం మన పాత తలుపు రెక్క బొడిపెల మీద తిరిగినట్టు. బరువు చాలా తక్కువ.

ఇక్కడ చాలామంది పొరబడతారు. లోహపు గుంటలుంటే టూరింగ్ సోల్, లేకపోతే కాదు అనుకుంటారు. అవి రెండూ వేరు. గుంటలుండి కూడా అడుగు గ్రిప్‌వాక్ అయిన బూట్లున్నాయి. గుంటలుండి, ముందు పెదవే లేని బాగా తేలికైన బూట్లూ ఉన్నాయి. అవి పిన్ బైండింగ్‌లో తప్ప ఇంకెందులోనూ కూర్చోవు. కాబట్టి రెండు ప్రశ్నలూ విడివిడిగా వేసుకోవాలి.

సరే, అడుగు ఏ రకమైతే ఏంటి, ఎలాగోలా టక్కుమని పడితే చాలదా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికే నేను వచ్చింది. నిజానికి బూటు పడుతుంది. ఏ బూటునైనా బలంగా తొక్కితే చాలా బైండింగ్స్ టక్కుమని మూసుకుంటాయి. మోసం అక్కడే ఉంది.

ఈ స్కీ మీద టో పీస్ కింద, బూటు ఆనే చోట ఒక నున్నటి పలక ఉంది. కొన్నిట్లో ఇది పక్కలకి జరుగుతుంది, వేలితో తోస్తున్నాను చూడండి, జరిగింది. మీరు పడిపోయి కాలు మెలి తిరిగినప్పుడు బూటు ముందు భాగం పక్కకి జారి బయటికి రావాలి. ఆ జారడం ఈ పలక మీద జరగాలి. గట్టి ప్లాస్టిక్ అయితే జారుతుంది. దీని కోసం తయారుకాని రబ్బరు అడుగు తెచ్చి పెడితే? రబ్బరు పట్టుకుంటుంది. బైండింగ్ వదలాలనుకున్నా బూటు వదలదు. ఈలోగా మీ మోకాలి కింద ఎముక మెలి తిరుగుతూ ఉంటుంది. అడుగు మందం తేడా ఉన్నా అంతే, పలకకి మరీ గట్టిగా నొక్కుకుంటుంది, లేదా మధ్యలో సందు వచ్చి బూటు ఊగుతుంది.

మా ఇంట్లో చిన్నప్పుడు పింగాణీ ఫ్యూజులుండేవి. ఎండాకాలం కూలర్ వేస్తే టప్పున పోయేవి. విసుగొచ్చి మా చిన్నాన్న ఫ్యూజు వైరు బదులు మందపాటి రాగి తీగ చుట్టాడు. ఆ తర్వాత ఫ్యూజు ఒక్కసారి కూడా పోలేదు. గోడలో వైరు కాలింది. బైండింగ్ ఫ్యూజులాంటిది. పట్టుకోవడం సగం పని, సమయానికి వదలడం మిగతా సగం. సరిపడని అడుగు, లేదా మరీ ఎక్కువ బిగువు, రెండూ రాగి తీగ చుట్టడమే.

వదిలే బైండింగ్ అనే ఆలోచనే కాలు విరిగినవాడికి వచ్చింది. హల్మార్ హ్వామ్ అని నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడినాయన, మంచి పోటీ క్రీడాకారుడు. 1937లో కాలు విరిగి ఆసుపత్రిలో పడుకుని, దీనికి విరుగుడు ఏంటని ఆలోచించి, పక్కకి వదిలే టో పీస్ తయారుచేశాడు. అంతకు ముందు కాలుని తీగతో స్కీకి కట్టేసేవాళ్ళు. ఆ తీగ బైండింగ్ పేరు కాందహార్! ఎక్కడి స్కీ, ఎక్కడి కాందహార్ అంటారా? బ్రిటిష్ జనరల్ రాబర్ట్స్ 1880లో కాబూల్ నుంచి కాందహార్‌కి సైన్యాన్ని నడిపించి ఆ ఊరి పేరుతోనే బిరుదు తెచ్చుకున్నాడు. 1911లో స్విట్జర్లాండ్‌లో స్కీ పోటీకి ఆయన పేరున కప్పు పెట్టారు. ఆ పోటీల పేరే తర్వాత బైండింగ్‌కీ వచ్చింది. ఆ రాబర్ట్స్ పుట్టింది మన కాన్పూర్‌లో. అందుకని స్కీయింగ్ మనకి మరీ పరాయిది కాదని మా అమ్మకి చెప్పి చూశాను, పని చేయలేదు.

అసలు విషయానికి వస్తాను. ఏ అడుగుకి ఏ బైండింగ్? పాత ఆల్పైన్ బైండింగ్ అయితే దాంట్లో ఆల్పైన్ సోల్ ఒక్కటే వెళ్ళాలి. గ్రిప్‌వాక్ గుర్తు ఉన్న బైండింగ్ అయితే మామూలుగా గ్రిప్‌వాక్, ఆల్పైన్ రెండూ తీసుకుంటుంది. టూరింగ్ సోల్ కూడా కావాలంటే సాలమన్, అటామిక్ కంపెనీల ఎంఎన్‌సీ గుర్తు, మార్కర్ కంపెనీ సోల్ ఐడీ గుర్తు లాంటివి చూడాలి. వీటిలో టో పీస్ ఎత్తు పెంచి తగ్గించే మర ఉంటుంది. బూటు మారినప్పుడల్లా ఆ ఎత్తు మళ్ళీ సరిచూడాలి. బూటుకీ పలకకీ మధ్య ఎంత సందు ఉండాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, మెకానిక్ ఒక పలుచటి రేకో కాగితం ముక్కో పెట్టి లాగి చూస్తాడు. అతను అలా లాగి చూడకుండా "అయిపోయింది సార్" అంటే, చూడమని అడగండి. మొహమాటపడొద్దు.

కాశ్మీరులో గుల్మార్గ్ లాంటి చోట గొండోలా ఎక్కి దిగడమే మీ పని అయితే గ్రిప్‌వాక్ బూటు, దానికి తగ్గ ఆల్పైన్ బైండింగ్ చాలు. కాలినడకన పైకెక్కే సరదా నిజంగా ఉంటేనే పిన్ వైపు వెళ్ళండి. రెండూ కావాలనేవాళ్ళకి షిఫ్ట్ లాంటి కలగలుపు రకాలున్నాయి, ఎక్కేటప్పుడు పిన్, దిగేటప్పుడు మామూలు బైండింగ్. బావుంటాయి. ఖరీదూ బరువూ కూడా ఉంటాయి. మనలో పదిమందిలో తొమ్మిదిమందికి అక్కర్లేదని నా అభిప్రాయం. ఆ తొమ్మిదిమందీ అవే కొంటారని కూడా నాకు తెలుసు.

ఇప్పుడు నంబర్ సంగతి. టో మీద, హీల్ మీద చిన్న కిటికీలో ఒక అంకె కనిపిస్తుంది. డిన్ నంబర్ అంటాం. డిన్ అంటే జర్మనీ ప్రమాణాల సంస్థ పేరు, ఆ లెక్క ఇప్పుడు ఐఎస్‌ఓ 11088లో ఉంది. అంకె పెద్దదైతే వదలడానికి ఎక్కువ బలం కావాలి. ఎంత పెట్టాలనేది ఒక పట్టిక చూసి తేలుస్తారు. అందులో ఐదు విషయాలు: బరువు, ఎత్తు, వయసు, మీరు స్కీ చేసే తీరు, బూటు అడుగు పొడుగు.

బరువూ ఎత్తూ వేరు వేరు వరసల్లో పడితే తక్కువ అంకె వచ్చే వరసే తీసుకోవాలి. పట్టికలో 67 నుంచి 78 కిలోలు ఒక వరస, ఎత్తులో 167 నుంచి 178 సెంటీమీటర్లు అదే వరస. నా సంగతే చెబుతాను. ఎత్తు 170, బరువు 82. బరువు ప్రకారం నేను కింది వరస. కానీ పొట్ట పెరిగినంత మాత్రాన ఎముక లావెక్కదు కదా, అందుకని ఎత్తు ప్రకారం పై వరసే నాది. 50 దాటినవాళ్ళు ఇంకో వరస పైకి జరగాలి, అంటే అంకె ఇంకా తగ్గుతుంది.

స్కీ చేసే తీరులో మూడు రకాలు. నెమ్మదిగా, జాగ్రత్తగా వెళ్ళేవాళ్ళు ఒకటి, నిటారు వాలుల్లో దూసుకుపోయేవాళ్ళు మూడు, మధ్యవాళ్ళు రెండు. ఫారం ఇస్తారు, టిక్ పెట్టాలి. మన మగవాళ్ళు, అందులోనూ పక్కన భార్యో మామగారో ఉంటే, మూడే పెడతారు. ఒకటి పెట్టడం పరువు తక్కువ అనుకుంటారు. మీ పరువు ఆ ఫారం చదివే కుర్రాడికి అక్కర్లేదు.

ఐదోది, అడుగు పొడుగు. బూటు మడమ పక్కన చూడండి, ఇక్కడ 305 మిల్లీమీటర్లు అని అచ్చు పోసి ఉంది. ఇది బూటు సైజు కాదు. సైజు 26.5 అంటే సుమారుగా మీ పాదం పొడుగు సెంటీమీటర్లలో. 305 అంటే ప్లాస్టిక్ డొల్ల అడుగు పొడుగు. ఒకే సైజులో ఒక కంపెనీది 302, ఇంకోదానిది 308 ఉండొచ్చు. ఈ అంకెకి రెండు పనులు. ఒకటి, టో, హీల్ మధ్య దూరం దీన్ని బట్టే పెడతారు. రెండు, డిన్ నంబర్ దీన్ని బట్టి మారుతుంది. అడుగు పొడుగైతే అంకె తగ్గుతుంది. మొదట్లో నాకు ఇది తలకిందులుగా అనిపించింది. తలుపు గడియ గురించి ఆలోచించాక అర్థమైంది. అదే గడియ మడతబందుకి దగ్గరగా పెడితే కొంచెం తోస్తే చాలు విడిపోతుంది, తలుపు చివర పెడితే చాలా బలం కావాలి. బూటు పొడుగైతే గడియ కాలికి దూరంగా ఉన్నట్టు. కాబట్టి గడియని వదులు చేయాలి.

కొనేటప్పుడు మీ అంకె ఆ బైండింగ్ కొలమానంలో మధ్యలో పడేలా చూడండి. 4 నుంచి 12 ఉన్న దాంట్లో మీ అంకె 4.5 అయితే అడుగునే ఉన్నట్టు. 3 నుంచి 10 ఉన్నది మీకు మేలు. పెద్ద అంకె ఉన్నది గొప్పదనుకోవడం, ఇంటికి సరిపోని పెద్ద స్టెబిలైజర్ కొన్నట్టే.

ఒక నిజం కూడా చెప్పాలి. ఈ లెక్కలు ఎముకను కాపాడటానికి పుట్టాయి, కాపాడాయి కూడా. 1970ల నుంచి మోకాలి కింద ఎముక విరిగే ప్రమాదాలు బాగా తగ్గాయి. మోకాలి లిగమెంటు సంగతి అలా లేదు. మామూలు బైండింగ్ ముందు పక్కలకీ, మడమ దగ్గర పైకీ వదులుతుంది. వెనక్కి కూలబడి మెలితిరిగే పడటం దానికి తెలియదు. బైండింగ్ ఎంత మంచిదైనా వెనక్కి కూర్చుని దిగే అలవాటు మానుకోవాల్సింది మీరే.

బిగించడం గురించి కొంచెం. మా మిత్రుడొకాయన విదేశం నుంచి స్కీలు తెచ్చుకున్నాడు. డ్రిల్లింగే కదా అని వాళ్ళ వీధిలో వార్డ్‌రోబ్‌లు చేసే కార్పెంటర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. కార్పెంటర్ మంచివాడే, చేయి తిరిగినవాడే. కానీ స్కీ మీద చిన్న అక్షరాల్లో 4.1 × 9 అని రాసి ఉంది. మొదటిది బిట్ లావు, రెండోది లోతు, రెండూ మిల్లీమీటర్లే. స్కీ వర్క్‌షాపులో బిట్‌కి 9 దగ్గర గట్టు ఉంటుంది, అంతకన్నా దిగదు. కార్పెంటర్ బిట్‌కి గట్టు లేదు. రెండో రంధ్రానికి బిట్ స్కీ అడుగున బయటికొచ్చింది. ఆ స్కీ ఇప్పుడు వాళ్ళ హాల్లో గోడకి అలంకారం. సరైన జిగ్, అంటే రంధ్రాలు ఎక్కడ పడాలో చూపే అచ్చు ఉన్నచోటే బిగించుకోండి, బిగించాక బైండింగ్ ఎంత బలానికి వదులుతోందో మెషిన్ మీద పరీక్ష చేయించుకోండి.

హీల్ పీస్ బూటుని ముందుకి ఎంత నొక్కుతోందో చూపే గుర్తు ఒకటి వెనక ఉంటుంది. బూటు పెట్టి మూశాక అది గీతల మధ్య ఉండాలి. అద్దె స్కీ తీసుకున్నా ఇది మీరే చూసుకోవచ్చు, రెండు సెకన్ల పని. బూటు ఊడినప్పుడు స్కీ జారిపోకుండా ఆపే బ్రేకు ఉంటుంది, దాని వెడల్పు అయితే స్కీ నడుము, అంటే మధ్యలో సన్నటి చోటు వెడల్పుకి సమానం నుంచి ఓ 10, 15 మిల్లీమీటర్లు ఎక్కువ. అంతే, దాని గురించి ఇంకేం లేదు.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: అన్నా, మా పాపకి తొమ్మిదేళ్ళు. నా పాత బైండింగ్ తనకి వేయొచ్చా?

వద్దమ్మా. పిల్లల బూటు అడుగే వేరు. 5355లోనే పెద్దలది టైప్ ఏ, పిల్లలది టైప్ సీ, సన్నగా ఉంటుంది. పెద్దల బైండింగ్ చాలావాటిలో అది సరిగా కూర్చోదు. పైగా మీ బైండింగ్‌లో అన్నిటికన్నా చిన్న అంకె కూడా పాపకి ఎక్కువే అవుతుంది. జూనియర్ బైండింగ్స్ 0.7 దగ్గర నుంచి మొదలవుతాయి. పిల్లలకి ఏటా పాదం పెరుగుతుంది, అద్దెకి తీసుకోవడమే నయం.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ బూట్లు దొరుకుతున్నాయి సార్, తీసుకోవచ్చా?

అడుగు చూడండి. ముందు పెదవి అంచులు అరిగి గుండ్రంగా అయ్యాయా? తారు రోడ్డు మీద నడిచి నడిచి అరిగిపోతాయి. 19 ఉండాల్సింది 17 అయితే టో పీస్ పట్టు మారిపోతుంది. సోల్ మార్చే వీలుంటే మార్చి వాడండి, లేకపోతే వదిలేయండి.

ప్రశ్న: గుల్మార్గ్‌లో నాకు అద్దె స్కీ మాటిమాటికీ ఊడిపోయింది. నంబర్ పెంచమంటే పెంచారు. తప్పా?

నాకూ అదే అయింది సార్. పొద్దున మూడుసార్లు ఊడింది. అద్దెకిచ్చినతను నా మాట పూర్తిగా వినకుండానే స్క్రూడ్రైవర్ తీసి రెండు అంకెలు పెంచేశాడు. నేను పక్కన కూర్చుని బూటు తిరగేసి చూస్తే అడుగున అరంగుళం మంచు గట్టిగా అతుక్కుని ఉంది. తొక్కినప్పుడు టక్కుమంది కానీ, మంచు మీద మూసుకుంది, బూటు మీద కాదు. చేతికర్ర, అదే పోల్, దాని మొనతో గీకాను, మడమ కింద గాడిలో ఉన్నది కూడా తీశాను. అతని స్క్రూడ్రైవరే అడిగి తీసుకుని పాత అంకెకి తెచ్చుకున్నాను. బూటు పెట్టే ముందు టో పీస్ అంచుకి అడుగుని నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ రుద్ది అప్పుడు తొక్కాను. సాయంత్రం దాకా ఒక్కసారి ఊడింది, అది నేను నిజంగా పడ్డప్పుడు.